పానా మన చేతిలోనే ఉండాలి

హిమాయత్‌నగర్‌లోని మన సంఘం కార్యాలయానికి వచ్చిన వాళ్లంతా మెట్ల పక్కన నిలబడి ఉండే పాత డీజిల్ జీపును చూసే ఉంటారు. రంగు వెలిసిపోయింది. ముందు సీటు చిరిగింది. పదిహేనేళ్లు దాటాక ఫిట్‌నెస్ పరీక్ష పాసై, మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించుకున్న బండి అది. కల్తీ విత్తనాల మీద ధర్నాకైనా, మార్కెట్ యార్డులో తడిసిన ధాన్యం చూడడానికైనా మనకున్నది అదొక్కటే. మొన్న వేసవిలో ఆ జీపు మూడో గేరులో నిలవడం మానేసింది. వేసిన గేరు వేసినట్టే జారి న్యూట్రల్‌కు వచ్చేది. సూర్యాపేట నుంచి హైదరాబాద్ దాకా మన డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో గేరురాడ్డు పట్టుకొని నడుపుకొచ్చాడు.

నగరంలో ఒక పెద్ద సర్వీసు సెంటరుకు తీసుకుపోయాం. వాళ్లు గేరుబాక్సు మీద చెయ్యి కూడా వేయలేదు. "లోపల విప్పి బాగుచేయడం ఉండదు, మొత్తం బాక్సు మార్చాల్సిందే" అన్నారు. వాళ్లు చెప్పిన అంకె వింటే జీపు అమ్మినా అంత రాదు. పైగా ఒక సలహా కూడా ఇచ్చారు: "ఈ పాత బండి మీద ఇంత పెట్టే బదులు తుక్కుకిచ్చేసి కొత్తది తీసుకోండి, ఫైనాన్సు మేమే ఇప్పిస్తాం."

తిరిగొచ్చి, నాంపల్లి వైపు నలభై ఏళ్లుగా గేరుబాక్సులు విప్పుతున్న ఒక పెద్దాయనను పిలిపించాం. విషయం చెప్తే ఆయన నవ్వాడు. "విప్పి చూడకుండ రోగం ఎట్ల చెప్తరు సార్?" అన్నాడు. జీపు కిందికి దూరి బాక్సు దింపాడు, మన డ్రైవరు పక్కన ఉండి పానాలు అందించాడు. ఒక బేరింగు అరిగిపోయింది. గేరును తన చోట పట్టి ఉంచే గుండు కింద స్ప్రింగు బలం తగ్గింది. ఆయిల్ సీలు గట్టిపడి కారుతోంది. రాణిగంజ్‌కు పోయి బేరింగు, స్ప్రింగు, సీలు, గేరాయిలు తెచ్చాం. రెండు రోజుల్లో జీపు రోడ్డెక్కింది. అయిన ఖర్చు సర్వీసు సెంటరు చెప్పినదాంట్లో పదో వంతు కూడా కాలేదు.

జీపు గొడవ ఇంతటితో ఆగితే దాన్ని పత్రికకు ఎక్కించే అవసరం లేదు. జీపు రెండు రోజులు మూలన పడితే మనం ఆర్టీసీ బస్సెక్కుతాం. నాట్ల రోజుల్లో ట్రాక్టరు మూలన పడితే రైతు ఏం ఎక్కుతాడు?

నాలుగు రోజులు, ఒక ల్యాప్‌టాప్

పోయిన వానాకాలం మన సభ్యుడొకరి పొలంలో జరిగిన సంగతి ఇది. యాభై హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టరు, అప్పు మీద కొన్నది. నారు ఎదిగింది. కాలువ నీళ్లు వచ్చాయి. నాట్లకు కూలీలను మాట్లాడుకున్నాడు. సగం మడి దమ్ము చేశాక ముందు పలక మీద ఎర్ర దీపం వెలిగింది, ఇంజను తన బలాన్ని తానే తగ్గించుకుంది. చప్పుడులో తేడా లేదు. పొగలో తేడా లేదు. ఎక్కడా ఆయిలు కారడం లేదు. ఊళ్లో ఇరవై ఏళ్లుగా ట్రాక్టర్లు బాగుచేస్తున్న మెకానిక్ వచ్చి చుట్టూ చూసి, "ఇంజను మంచిగనే ఉంది. ఏదో సెన్సారు తప్పు చెప్తున్నది. అది ఏదో కంపెనీ ల్యాప్‌టాపు పెడితే గాని తెలువది" అని చేతులు తుడుచుకున్నాడు.

డీలరుకు ఫోన్ చేస్తే, ల్యాప్‌టాపు ఉన్న మనిషి ఒక్కడేననీ, నాలుగు మండలాలు ఆయనే తిరగాలనీ చెప్పారు. నాలుగో రోజు వచ్చాడు. వైర్లు కలిసే చోట బురదనీళ్లు చేరి తుప్పు పట్టింది. తుడిచి, బిగించి, ల్యాప్‌టాపులో ఆ లోపం గుర్తును చెరిపేశాడు. పని అరగంట. ఎదురుచూపు నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో కూలీలు వేరే పొలానికి పోయారు. నీళ్ల వంతు దాటిపోయింది. నారు ముదిరింది. ట్రాక్టరు వాయిదా మాత్రం ఒక్క రోజు కూడా ఆగలేదు.

దీన్ని ఆ రైతు దురదృష్టం అనుకొని వదిలేయడానికి లేదు. 2023 జనవరి 1 నుంచి యాభై హెచ్‌పీ పైబడిన ట్రాక్టర్లకు ట్రెమ్ నాలుగో దశ కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. వాటిని అందుకోవడానికి కంపెనీలు కామన్ రైల్ ఇంజన్లు తెచ్చాయి. పాత పంపు డీజిలును యంత్రబలంతో కొలిచి పంపేది. కొత్తదానిలో ఆ కొలతను కంప్యూటరు చేస్తుంది. పొగ తగ్గాలని మనమూ కోరుకుంటాం, ఆ పొగ మొదట పీల్చేది ట్రాక్టరు మీద కూర్చున్న మనమే. కానీ పొగ తగ్గించమని చెప్పిన చట్టం, ఇంజను తాళంచెవిని కంపెనీ జేబులో పెట్టుకోమని చెప్పలేదు. ఆ ఎర్ర దీపం ఎందుకు వెలిగిందో ట్రాక్టరు యజమానికి తెలియకూడదని ఏ నిబంధనలోనూ లేదు. అది కంపెనీలు తమకు తాము ఇచ్చుకున్న హక్కు. ప్రభుత్వం చూస్తూ ఊరుకున్న హక్కు.

నాగలికి ఎవరూ తాళం వేయలేదు

మన తాతల కాలంలో నాగలి కర్రు మొద్దుబారితే కమ్మరి కొలిమి ఊళ్లోనే ఉండేది. మేడి విరిగితే వడ్లాయన అదే రోజు చెక్కి ఇచ్చేవాడు. కళ్లంలో వాళ్ల మేర వాళ్లకు కొలిచేవాళ్లు. ఆ వ్యవస్థలో కులం ఉంది, అన్యాయం ఉంది. దాన్ని మళ్లీ తెమ్మని ఎవరూ అడగడం లేదు. అయితే ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. సేద్యపు పనిముట్టు చెడితే దాన్ని బాగుచేసే విద్య ఊరి పొలిమేర దాటి పోయేది కాదు.

ట్రాక్టరు వచ్చిన మొదటి తరంలో కూడా ఆ విద్య నిలబడింది. మహీంద్రా బి-275, మాస్సీ 1035 లాంటి బండ్లు ఇప్పటికీ మన ఊళ్లలో నడుస్తున్నాయి. వాటి ఇంజను విప్పని మెకానిక్ లేడు. లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్చి బోరు పని చేయించుకుంటే ఇంకో పదేళ్లు ఢోకా లేదనుకునేవాళ్లం. కొడుకు పానా పట్టుకుంటే తండ్రి నట్టు తిప్పేవాడు. ఆ బండ్లను కట్టిన ఇంజనీర్లు, విప్పాల్సిన మనిషిని కూడా మనసులో పెట్టుకొని కట్టారు.

ఇప్పుడు ఏం జరుగుతోందో అర్థం కావాలంటే విత్తనం సంగతి తలచుకుంటే చాలు. ఒకప్పుడు విత్తనం మన గాదెలో ఉండేది. హైబ్రిడ్లు వచ్చాక ఏటేటా దుకాణానికి పోవాల్సి వచ్చింది. రైతులు పోరాడబట్టి 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలో 39వ సెక్షను చేరింది. పండించిన విత్తనాన్ని దాచుకొనే, మళ్లీ విత్తుకొనే, తోటి రైతుతో పంచుకొనే హక్కును అది ఒప్పుకుంది. గింజ మీద రైతుకు హక్కుందని రాసిన దేశం ఇంజను మీద ఎందుకు రాయదు? విత్తనం చేజారినప్పుడు మనం ఆలస్యంగా మేల్కొన్నాం. పానా చేజారక ముందే మేల్కోవాలి.

జహీరాబాద్‌లో ట్రాక్టర్ల కర్మాగారం ఉంది. మన నేల మీద, మన పిల్లల చేతులతో బిగించిన యంత్రం అది. బిగించే చేతులు మనవి అయినప్పుడు విప్పే చేతులు మనవి కాకూడదా?

కార్లకు తీర్పు ఉంది, ట్రాక్టరుకు ఏది?

ఇది రైతుల గొంతెమ్మ కోరిక అనేవాళ్లకు ఒక పాత కేసు గుర్తుచేయాలి. 2011లో ఒక సామాన్య వినియోగదారుడు కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు చేశాడు. కార్ల కంపెనీలు అసలు విడిభాగాలను, లోపం కనిపెట్టే పరికరాలను బయట మెకానిక్‌లకు దొరకనివ్వడం లేదన్నది ఆ ఫిర్యాదు. మూడు కంపెనీల మీద మొదలైన విచారణ ఇంకా చాలా కంపెనీలకు పాకింది. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలను బహిరంగ మార్కెట్లో దొరకనివ్వాలని, మరమ్మతు సమాచారం, పరికరాలు స్వతంత్ర మెకానిక్‌లకు అందాలని చెప్పింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందనే గంపగుత్త షరతు పెట్టకూడదని కూడా చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు, కోర్టులకు వెళ్లాయి. కానీ ఆ తీర్పులోని సూత్రం స్పష్టంగా ఉంది. బండి అమ్మిన కంపెనీకి, అమ్మిన తర్వాత కూడా దాన్ని బందీగా ఉంచుకొనే హక్కు లేదు.

ఆ 14 కంపెనీల జాబితాలో మహీంద్రా అండ్ మహీంద్రా కూడా ఉంది. కారు దగ్గర తప్పయిన పద్ధతి ట్రాక్టరు దగ్గర ఒప్పు ఎలా అవుతుంది? కారు ఆగితే ఆఫీసుకు ఆలస్యం అవుతుంది. ట్రాక్టరు ఆగితే పంటకాలమే తప్పిపోతుంది.

కేంద్ర ప్రభుత్వానికి ఈ సంగతి తెలియదా అంటే తెలుసు. మరమ్మతు హక్కు మీద 2022 జూలైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక కమిటీ వేసింది. ముందుగా పట్టించుకోవాల్సిన నాలుగు రంగాలను అది గుర్తించింది. అవి వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, ఇంట్లో వాడే వస్తువులు, వాహనాలు. అదే ఏడాది డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించారు. ఆ తర్వాత మరమ్మతు సూచిక కోసం ఇంకో కమిటీ వేశారు. ఆ సూచిక మొబైళ్లు, ఎలక్ట్రానిక్ వస్తువులకు. నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాల పేరు ఉంది, పని దగ్గరికి వచ్చేసరికి ఫోను ముందుకు పోయింది, ట్రాక్టరు గట్టు మీదే ఉండిపోయింది. పోర్టల్‌లో కంపెనీలు తమకు తోచిన సమాచారం పెట్టొచ్చు. పెట్టి తీరాలనే చట్టం మాత్రం లేదు. చట్టం లేని హక్కు, పట్టా లేని భూమి లాంటిది.

మరోవైపు పాత బండిని వదిలించుకోమనే ఒత్తిడి మాత్రం చట్టబద్ధంగానే వస్తోంది. 2021 ఆగస్టు 13న తుక్కు విధానం ప్రకటించారు. 2022 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఫీజు 600 రూపాయల నుంచి 5 వేలకు పెరిగింది. 2025 సెప్టెంబరులో ట్రాక్టర్ల మీద జీఎస్టీని 12 శాతం నుంచి 5కు తగ్గించారు, చాలా విడిభాగాల మీద కూడా తగ్గించారు. మంచిదే, స్వాగతిస్తున్నాం. కానీ పాత ట్రాక్టరుకు రక్తం లాంటి ఇంజనాయిలు మీద 18 శాతం అలాగే ఉంది. కొత్తది కొనేవాడికి సబ్సిడీ ఉంది, అప్పు ఉంది, ఎక్స్ఛేంజ్ ఆఫరు ఉంది. ఉన్నదాన్ని బాగుచేసుకొని నడుపుకొనే బక్క రైతుకు ఏముంది?

మన రాష్ట్రంలోనే చూడండి. పల్లె ప్రగతి పేరుతో 12 వేలకు పైగా గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు ఇచ్చారు. వాటిలో ఎన్ని పంచాయతీ ఆఫీసు వెనక డీజిలుకు, రిపేరుకు డబ్బుల్లేక గడ్డి మొలిచి ఉన్నాయో మీ మీ ఊళ్లలో లెక్కపెట్టండి. కొనిచ్చిన రోజు ఫొటోలు దిగిన వాళ్లు క్లచ్‌ప్లేటు కాలిపోయిన రోజు కనిపించరు.

అమెరికా రైతు కూడా ఇదే అడుగుతున్నాడు

ఇది మన ఒక్కరి గోస కాదు. వందల ఎకరాలున్న అమెరికా రైతు కూడా ఇదే తాళం ముందు నిలబడ్డాడు. అక్కడ ప్రధాన ట్రాక్టర్ కంపెనీ జాన్ డీర్. లోపాలు కనిపెట్టి సరిచేసే పూర్తి సాఫ్ట్‌వేర్‌ను తన డీలర్లకే ఇస్తూ, రైతుల దగ్గర మరమ్మతుకు ఎక్కువ డబ్బు రాబట్టిందని ఆరోపిస్తూ ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరి 15న దాని మీద దావా వేసింది. అంతకు ముందే 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ పరికరాల మరమ్మతు హక్కు చట్టం చేసింది. అది 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. విడిభాగాలు, పరికరాలు, సాఫ్ట్‌వేర్, పుస్తకాలు రైతుకు, స్వతంత్ర మెకానిక్‌కు ఇవ్వాల్సిందేనని ఆ చట్టం చెబుతోంది. కంప్యూటరు గొడవ లేని నలభై ఏళ్ల నాటి ట్రాక్టర్ల కోసం అక్కడి రైతులు వేలంపాటల్లో పోటీపడ్డారంటే, మన ఊళ్లో పాత బండిని అంటిపెట్టుకున్న రైతు వెనకబడినవాడు కాదని తెలుస్తుంది. లెక్క తెలిసినవాడని తెలుస్తుంది.

కంపెనీలు చెప్పే మూడు మాటలు

కంపెనీలు, వాళ్ల తరఫున మాట్లాడే అధికారులు మూడు మాటలు చెబుతారు.

మొదటిది భద్రత. నేర్పులేని చేతులు ఇంజను ముట్టుకుంటే ప్రమాదమట. నిజమే, కామన్ రైల్ గొట్టంలో ఒత్తిడి ఎంత ఎక్కువంటే, నడుస్తుండగా నట్టు వదులు చేస్తే చిమ్మే డీజిలు చర్మం లోపలికి దూసుకుపోతుంది. అందుకే పుస్తకం కావాలి, శిక్షణ కావాలి అంటున్నాం. కరెంటు ప్రమాదమని ఊళ్లో ఎలక్ట్రీషియన్ ఉండకూడదని ఎవరైనా అంటారా? తెలియనివ్వకుండా ఉంచి, తెలియదు కాబట్టి ముట్టుకోవద్దు అనడం న్యాయం కాదు.

రెండోది కాలుష్యం. సాఫ్ట్‌వేర్ చేతికిస్తే రైతులు పొగ నియంత్రణను పీకేస్తారట. లోపం చదవడం వేరు, ప్రమాణాలను మార్చడం వేరు. మొదటిది తెరవండి, రెండోదానికి తాళం ఉంచండి, అది సాధ్యమే. ఇంకో మాట. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయి, నాజిల్ చెడి నల్లపొగ కక్కే బండిని ఊళ్లోనే ఆ రోజే బాగుచేసుకోగలిగితే పొగ తగ్గుతుందా, పెరుగుతుందా?

మూడోది వారంటీ. బయట విప్పితే వారంటీ పోతుందని డీలరు బెదిరిస్తాడు. మెకానిక్ చేసిన తప్పు వల్ల చెడిన భాగానికి కంపెనీ డబ్బు కట్టనవసరం లేదు, ఒప్పుకుంటాం. కానీ ఊళ్లో ఇంజనాయిలు మార్చించుకున్నందుకు లిఫ్టు పంపు వారంటీ ఎందుకు పోవాలి? కార్ల విషయంలో గంపగుత్త షరతు కూడదన్న మాట ట్రాక్టరుకూ వర్తించాలి.

మన తప్పు కూడా ఉంది

కంపెనీని నిలదీసే ముందు మనం అద్దంలో చూసుకోవాలి. రాణిగంజ్‌కు బోరు పనికి వచ్చే ఇంజన్లలో చాలావాటిని చంపింది కంపెనీ కాదు, మన అశ్రద్ధే. హక్కు అడిగేవాడికి బాధ్యత కూడా ఉండాలి. అందుకే ప్రతి సభ్యుడూ ఈ పనులు తన చేత్తో చేసుకోవాలని కోరుతున్నాం. పాత జీపుకైనా, కారుకైనా, ట్రాక్టరుకైనా మూలసూత్రం ఒకటే.

ఇంజనుకు మొదటి శత్రువు దుమ్ము. ఎండాకాలం దుక్కుల్లో, రోటవేటరు పనిలో ఎర్రదుమ్ము లేచే రోజుల్లో ఎయిర్ ఫిల్టరును రోజూ చూడాలి. ఆయిలు గిన్నె ఉన్న పాతరకమైతే అడుగున బురద పేరుకోగానే కడిగి, గీత దాకా కొత్త ఆయిలు పోయాలి. గీత దాటి పోస్తే ఇంజను దాన్ని పీల్చుకుంటుంది, తక్కువ పోస్తే దుమ్ము ఆగదు. కాగితపు ఫిల్టరైతే నేలకేసి బాదొద్దు. మడతలు చిరిగితే ఆ చిరుగులోంచి పోయే దుమ్ము లైనరును ఆకురాయిలా అరగదీస్తుంది.

రెండోది ఆయిలు. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, బండి సమానంగా ఉన్న నేల మీద ఉండగా పుల్ల తీసి చూడాలి. తగ్గిన ఆయిలుకు పైపైన పోసుకుంటూ పోయి, మార్చే గడువు దాటేయడం మన ఊళ్ల అలవాటు. మీటరులో గంటలు చూసి, పుస్తకంలో రాసిన గడువుకు ఫిల్టరుతో సహా మార్చాలి. ఆయిలు పాలు కలిపిన టీ రంగులోకి మారితే నీళ్లు కలిశాయని అర్థం. ఇంజనులోనైతే హెడ్ గాస్కెట్టునో, లైనరు రబ్బరు రింగులనో అనుమానించాలి. ఆ బండిని ఇంకో చాలు కూడా నడపొద్దు.

మూడోది డీజిలు. డబ్బాల్లో తెచ్చిన డీజిలును బట్టతో వడగట్టి, కాసేపు తేరనిచ్చి పోయాలి. ఫిల్టరు కింది గిన్నెలో నీళ్లు చేరితే మర విప్పి వదలాలి. పాతరకం పంపున్న బండిలో డీజిలు పూర్తిగా అయిపోతే గాలి పడుతుంది. ఫిల్టరు మీది గాలి మరను వదులు చేసి, చేతిపంపు కొడుతూ, బుడగలు ఆగి నిండు డీజిలు వచ్చాక బిగించాలి. ఇది పదో తరగతి పిల్లాడు నేర్చుకోగల పని. దీనికి మెకానిక్ కోసం అరపూట ఎదురుచూడడం మనకే నామోషీ.

నాలుగోది క్లచ్చు, గేరుబాక్సు. క్లచ్చు పెడలు మీద ఊరికే కాలు ఆనించి నడిపే అలవాటు మానాలి. ఆ కాలి బరువుకే ప్లేటు జారి కాలుతుంది, బేరింగు అరుగుతుంది. పెడలుకు పుస్తకం చెప్పినంత వదులు ఉందో లేదో నెలకోసారి చూడాలి. ఇనుప చక్రాలతో దమ్ము చేసే రోజుల్లో గేరుబాక్సు మీద, ఇరుసు మీద భారం ఎక్కువ. ఇరుసు సీళ్లు అరిగితే బురదనీళ్లు లోపలికి పోతాయి. అందుకే నాట్లు అయిపోగానే గేరాయిలు డ్రెయిన్ మర కొంచెం వదులు చేసి చూడాలి. మొదట నీళ్లు కారితే ఆయిలు మార్చి, సీలు వేయించాలి. ఆ మరకు అయస్కాంతం ఉంటే దానికి అంటిన ఇనుము చూడాలి. మెత్తటి పొడి మామూలే, ముక్కలు కనిపిస్తే పళ్లో బేరింగో విరుగుతోంది. ఆయిలు రకం విషయంలో దుకాణదారుడి మాట కాదు, పుస్తకంలోని మాట వినాలి. ఆయిలులో మునిగే బ్రేకులున్న ట్రాక్టరులో పాతకాలపు గేరాయిలు పోస్తే బ్రేకులు దెబ్బతింటాయి.

పొగ కూడా మాట్లాడుతుంది. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిలు ఎక్కువ పడుతోంది. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలును తాగుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే డీజిలు సరిగ్గా కాలడం లేదు, లేదా నీళ్లు లోపలికి చేరుతున్నాయి. ఒక నోటుపుస్తకం పెట్టుకొని, ఏ గంటల దగ్గర ఏం మార్చారో రాసుకోండి. ఎద్దుకు ఎప్పుడు ఏ జబ్బు చేసిందో మన నాయినలు నోటికి చెప్పేవాళ్లు. ఇంజను చరిత్ర మనకు ఎందుకు తెలియకూడదు?

మనం ఏం అడుగుతున్నాం

ఈ విద్య నేర్పడానికి సర్కారు సంస్థలు లేకపోలేదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. 1983 నుంచి నడుస్తోంది. ఇలాంటివి దేశం మొత్తం మీద నాలుగే ఉన్నాయి. తెలంగాణలో ఒక్కటి కూడా లేదు. ఆదిలాబాద్ రైతు కొడుకు గేరుబాక్సు నేర్చుకోవాలంటే కృష్ణ, తుంగభద్ర దాటి పోవాలా? మన రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు. రోబోలు నేర్పుతామంటున్నారు. నేర్పండి. వాటితోపాటు కామన్ రైల్ ట్రాక్టరు లోపం కనిపెట్టడం కూడా నేర్పండి. రోబో ఉన్న ఊరు తెలంగాణలో ఎక్కడుందో గాని, ట్రాక్టరు లేని ఊరు లేదు.

అందుకని మన సంఘం ఈ డిమాండ్లు పెడుతోంది.

1. వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కును కేంద్రం చట్టం చేయాలి. కంపెనీల దయకు వదిలేసిన పోర్టల్ చాలదు.

2. ప్రతి ట్రాక్టరు, హార్వెస్టరుతో పాటు పూర్తి మరమ్మతు పుస్తకాన్ని తెలుగులో ఇవ్వాలి. నడిపే పద్ధతి చెప్పే పలచటి పుస్తకం సరిపోదు.

3. లోపాన్ని చదివే పరికరం, సాఫ్ట్‌వేర్ న్యాయమైన ధరకు రైతులకు, సహకార సంఘాలకు, స్వతంత్ర మెకానిక్‌లకు దొరకాలి. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో ఒకటైనా ఉండాలి.

4. మోడలు ఆపేశాక కూడా నిర్ణీత సంవత్సరాల పాటు విడిభాగాలు విడివిడిగా అమ్మాలి. బేరింగు చెడితే బేరింగే అమ్మాలి, బాక్సు మొత్తం కాదు.

5. బయట మరమ్మతు చేయించినందుకు వారంటీ రద్దు చేసే పద్ధతిని నిషేధించాలి.

6. గార్లదిన్నె లాంటి సంస్థను తెలంగాణలో నెలకొల్పాలి. ఊరి మెకానిక్‌లకు శిక్షణ కాలంలో భృతి ఇవ్వాలి.

7. ఇంజనాయిలు, గేరాయిలు మీద జీఎస్టీని ట్రాక్టరుతో సమానంగా 5 శాతానికి తగ్గించాలి. మూలనపడ్డ పంచాయతీ ట్రాక్టర్లకు మరమ్మతు నిధులు ఇవ్వాలి.

ఈ డిమాండ్ల మీద ప్రతి మండల కమిటీ తహసీల్దారుకు, వ్యవసాయాధికారికి వినతిపత్రం ఇవ్వాలి. మరమ్మతు కోసం ఎన్ని రోజులు ఎదురుచూశారో, బిల్లు ఎంత అయిందో, ఏ భాగాన్ని విడిగా ఇవ్వమన్నారో తేదీలతో రాసి, బిల్లు నకలుతో హిమాయత్‌నగర్ కార్యాలయానికి పంపండి. కార్ల కేసు కూడా ఒక మనిషి రాసిన ఒక ఫిర్యాదుతోనే మొదలైంది. మన దగ్గర వేల మంది ఉన్నారు, వేల బిల్లులు ఉన్నాయి.

వినతిపత్రంతో పాటు ఇంకో పని కూడా పెట్టుకోండి. నెలకో సాయంత్రం ఊళ్లో ఒక ట్రాక్టరు చుట్టూ కూర్చోండి. ఊరి మెకానిక్‌ను పిలిచి ముందు కుర్చీలో కూర్చోబెట్టండి. పిల్లల చేత, ఆడబిడ్డల చేత కూడా ఫిల్టరు విప్పించండి, గాలి తీయించండి. ఆయిలు అంటిన చేతిని చూసి సిగ్గుపడే రోజులు పోవాలి.

మన పాత జీపు ఈ నెల కూడా జిల్లాలు తిరుగుతుంది. మూడో గేరు ఇప్పుడు జారడం లేదు. దాని సీటు కింద ఒక గోనెసంచి ఉంటుంది. అందులో పానాల కట్ట, స్క్రూడ్రైవరు, ఒక లీటరు ఆయిలు, విప్పి తీసిన ఆ అరిగిన బేరింగు ఉంటాయి. మీ ఊరు వచ్చినప్పుడు అడగండి, చూపిస్తాం. మొత్తం బాక్సు మార్చాలన్న మాటకు మన జవాబు ఆ పిడికెడు ఇనుమే.